మన జట్టు ఏమైంది?

నా దగ్గర పదేళ్ళ కిందట తెలుగు చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఐర్లండు రాజధాని అది. తెలుగులో అతనికి ఎప్పుడూ అత్తెసరు మార్కులే గాని, నా మీద అభిమానం మాత్రం పుష్కలం. మొన్న ఉగాదికి ఫోను చేశాడు. యోగక్షేమాలయ్యాక, ‘‘సార్, నేనిక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి యజమానినయ్యాను’’ అన్నాడు.

నాకు గుండె గుభేలుమంది. వెళ్ళి నిండా మూడేళ్ళు కాలేదు, వీడు అప్పులపాలై వ్యాపారంలోగాని దిగాడా అనుకున్నాను. తీరా విచారిస్తే అది వేరే సంగతి. డబ్లిన్ ఉత్తర భాగంలో బొహీమియన్స్ అని ఒక క్లబ్బు ఉంది. 1890లో పుట్టింది. 1901 నుంచీ డాలీమౌంట్ పార్కు అనే మైదానంలో ఆడుతోంది. దానికి షావుకారంటూ ఎవరూ లేరు. ఏటేటా చందా కట్టిన సభ్యులే యజమానులు, తలకొక ఓటు. లాభం వస్తే పంచుకునేదీ లేదు. మావాడు చందా కట్టాడు, ఎరుపూ నలుపూ చారల చొక్కా కొనుక్కున్నాడు, శుక్రవారం సాయంత్రమయ్యేసరికి వెళ్ళి గొంతు చించుకుంటున్నాడు.

‘‘సార్, ఇక్కడివాళ్ళు మీ ఊరి జట్టేది అని అడుగుతున్నారు. మల్కాజ్‌గిరి వాణ్ణి గదా, ఏం చెప్పాలో తెలియక క్రికెట్ గురించి చెప్పి తప్పించుకున్నాను. మనకి ఏదైనా ఉండేదా?’’

ప్రబంధాల్లో యే నాయిక యే తోటలో విహరించిందో చెప్పగలను గాని, ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు పక్కగదిలోంచి వచ్చింది.

‘‘ఉండెనా అంటడేంది పోరడు? దేశం మొత్తంల మన ముంగట నిలవడ్డోడు లేకుండె!’’

మా నాన్నకు ఎనభై దాటాయి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి విశ్రాంతి తీసుకున్నారు. మామూలుగా ఆయనకు చెవులు సరిగా వినపడవు. ఫుట్‌బాల్ అన్న మాట మాత్రం గోడ ఇవతలినుంచి అవతలికి వినపడింది. ఆ రాత్రి మా ఇంట్లో భోజనాలు పదింటికిగాని కాలేదు. ఆయన చెప్పినవీ, తరువాత నేను పుస్తకాలూ పాత పత్రికలూ వెతికి సరిచూసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

హైదరాబాదు సంస్థానం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసింది. దేశంలో చాలామందికి మన ఊరు పేరు చెబితే అప్పట్లో గుర్తుకొచ్చేవి నిజామూ, రజాకార్లూ. సరిగ్గా ఆ రోజుల్లో, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచింది. అదే సంవత్సరం ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించింది. రోవర్స్ కప్పు మళ్ళీ 1951లో మనదే. 52లో మనదే. 53, 54లలో కూడా మనదే. వరుసగా అయిదేళ్ళు. పులులూ సింహాలూ అనిపించుకున్న కలకత్తా క్లబ్బులకు కూడా అది సాధ్యం కాలేదు. ఇంతా చేసి ఆ ఆటగాళ్ళలో చాలామంది పోలీసు కొలువులో ఉన్న సామాన్యులు. జీతం డిపార్టుమెంటుది, ఆట తమది.

వెనక ఉండి నడిపించినాయన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు. నాబోటి పంతులే గదా అని నాకు కొంచెం గర్వం కలిగిన మాట దాచను. పంతులు కనుకనే కాబోలు, ఆయన ఆటని పాఠంలాగా విడగొట్టి నేర్పారు. బంతిని కాలికి అంటించుకుని ఊరంతా తిరగడం కుదరదు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి, అలా ఆడేందుకే ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. చేతకాని కాలితోనే ఆడాలని మరో రకం పోటీ పెట్టారు. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో ఆడాలన్నమాట.

‘‘గది విని మేం గూడ గట్లనే ఆడినం, ఎడమకాలితోని’’ అన్నారు నాన్న. ‘‘బంతి ఏడికి పోతుండెనో దేవునికి తెల్వాలె. మా ఎనుక గల్లీల రెండు కుండలు పలిగినయి.’’

ఆ రోజుల్లో బంతి కొనడమంటే మాటలా? పాతగుడ్డలు చుట్టి సుతిలి కట్టిన బంతిట అది. మా తాత కూడా రైల్వే మనిషే. డ్యూటీ దిగి సైకిలు ముందు కడ్డీ మీద నాన్నని కూర్చోబెట్టుకుని ఫతే మైదాన్‌కో, సికింద్రాబాదు జింఖానాకో తీసుకువెళ్ళేవాడు. టిక్కెట్టు దొరక్కపోతే చెట్టెక్కేవారు. ఊళ్ళో ఆట లేని రోజుల్లో ఇరానీ హోటల్లో కూర్చుని, ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుంటూ, బొంబాయిలో జరిగిన ఆటని పేపర్లో చదివి కళ్ళారా చూసినట్టే వాదించుకునేవారట. ఉర్దూవాళ్ళూ, తెలుగువాళ్ళూ, కంటోన్మెంటు అరవంవాళ్ళూ అందరూ ఆ బల్లల చుట్టూనే. జట్టులోనూ అంతే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం: అప్పటి మన ఆటగాళ్ళ పేర్లు వరుసగా చదివితే సికింద్రాబాదు బజారులో నడుస్తున్నట్టే ఉంటుంది.

వీళ్ళలో తంగరాజ్ సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే చిన్న క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరి, దేశానికే కాదు ఆసియాకే పేరున్న గోల్‌కీపర్ అయ్యాడు. ఇక బలరాం అంటారా, అతని పేరు వచ్చేసరికి నాన్న గొంతు మారింది.

మల్కాజ్‌గిరిలో బొల్లారం వైపు రైలెక్కితే దయానంద్ నగర్, సఫిల్‌గూడ, రామకిష్టాపురం గేటు, ఆ తరువాత అమ్ముగూడ. 1936లో ఆ ఊళ్ళో ఒక బీద అరవ కుటుంబంలో పుట్టాడు బలరాం. మంచి బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాని చేత కుట్టించుకున్నాడు. రహీం సాబ్ కంట్లో పడ్డాక రోజూ పట్నం వచ్చి సాధన చెయ్యమన్నారు. అంత దూరం రావడానికి నా దగ్గర డబ్బుల్లేవు అన్నాడు కుర్రవాడు. అద్దె సైకిలుకి రహీం సాబే తన జేబులోంచి ఇచ్చారట. ఈ సంగతి బలరామే తరువాత తరువాత చెప్పుకున్నాడు.

ఈ కబురు అప్పట్లోనే మల్కాజ్‌గిరి పిల్లలకి చేరింది. ఇక చూడండి, హాండిలుకి బూట్లు వేలాడదీసుకుని సైకిలు మీద పోయే ప్రతి పొడుగాటి కుర్రవాడూ బలరామే! వీళ్ళు వెంటపడి కేకలు. ‘‘అందుల ఒక్కడన్న అసలు బలరాం ఉండెనా నాన్నా?’’ అని నేనడిగితే, ‘‘ఏమో, మేమైతే అందరికి సలాం కొట్టినం’’ అన్నారు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సుకి రహీం సాబ్ తీసుకువెళ్ళిన భారత జట్టులో ఎనిమిదిమంది మన హైదరాబాదు వాళ్ళు. ఇరవై ఏళ్ళ బలరాం వాళ్ళలో ఒకడు. ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4–2 గోల్సుతో ఓడించి సెమీఫైనల్ చేరారు. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకు మించి పోయింది లేదు. రాష్ట్రాల పోటీ అయిన సంతోష్ ట్రోఫీ కూడా ఆ రెండేళ్ళూ వరుసగా హైదరాబాదుకే వచ్చింది.

1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు.

‘‘ఎత్తుకపోయిండ్రు’’ అన్నారు నాన్న. అరవై ఎనిమిదేళ్ళు దాటినా ఆ మాటలో కోపం చల్లారలేదు. తమాషా యేమిటంటే, అదే 1957లో డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీస్ ఓడించింది ఈస్ట్ బెంగాల్‌నే. అయినా ఆయన మనస్సు కుదుటపడలేదు. పోనీ, అక్కడికి వెళ్ళినవాడు చెడిపోయాడా? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీద కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కి నాయకుడై కలకత్తా లీగు గెలిపించాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, స్టేడియమంతా మన మీద కేకలు వేస్తుంటే, భారతదేశం దక్షిణ కొరియాని 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకం తెచ్చుకుంది. ఆ రోజు గోలు ముందు నిలబడ్డవాడు తంగరాజ్. ముందు వరసలో యూసుఫ్ ఖాన్, బలరాం. ముగ్గురూ మనవాళ్ళే. శిక్షకుడూ మనవాడే. అప్పటికే రహీం సాబ్‌కి కాన్సర్. మరుసటి సంవత్సరం జూన్ 11న పోయారు. అదే యేడు బలరాం కూడా అనారోగ్యంతో ఆట మానుకున్నాడు. తరువాత బెంగాల్‌లోనే, ఉత్తరపాడాలో స్థిరపడ్డాడు. అతనికి అర్జున అవార్డు వచ్చింది గాని పద్మశ్రీ మాత్రం రాలేదు.

2023 ఫిబ్రవరి 16న బలరాం కలకత్తాలో కన్నుమూశాడు. ఆ వార్త నాన్న చదువుతుంటే నేను చూశాను. ఏమీ అనలేదు. ఆ కాగితం మాత్రం ఆ నెల చిత్తుకాగితాలవాడికి వెయ్యనివ్వలేదు. ఆ రోజు నేను కారణం అడగలేదు. అడిగి ఉండవలసింది.

ఫోను వచ్చిన మరుసటి ఆదివారం నాన్న పొద్దున్నే చొక్కా తొడుక్కుని, ‘‘అమ్ముగూడ పోదాం పా’’ అన్నారు. ఎం.ఎం.టి.ఎస్. రైల్లో వెళ్ళాం. స్టేషను దగ్గర చాయ్ దుకాణంలో అడిగాను, ఫుట్‌బాల్ బలరాం ఇల్లు ఎక్కడుండేదని. దుకాణం కుర్రవాడు పాపం మర్యాదగానే, ‘‘కార్పొరేటర్ బలరామా సార్, కేటరింగ్ బలరామా?’’ అన్నాడు. ఇంకో నలుగుర్ని అడిగాం. ఒక పెద్దమనిషి, వెనకటికి ఎవరో ఆటగాడుండేవాడని విన్నానన్నాడు, కబడ్డీ కాబోలునట. నాన్న అక్కడి బెంచీ మీద కాసేపు కూర్చుని, కంటోన్మెంటు వైపు చూస్తూ ఉండిపోయారు. వాళ్ళనని ఏం లాభం? నిన్నటిదాకా నాకూ తెలియదు గదా.

తిరిగి వస్తూ ఈ సంగతే ఆలోచించాను. బలరాం వెళ్ళిపోయినందుకే మన జట్టు పోయిందా? కాదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయిన మన జట్టు 1961లో కూడా డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. అసలు సంగతి వేరు. మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో. వాటికి సభ్యులున్నారు, చందాలున్నాయి, గుడారమున్నది, పోట్లాడుకోవడానికి సర్వసభ్య సమావేశమున్నది. ఆటగాడు పోతే ఇంకొకడు వస్తాడు, ఓడిన యేడు తిట్టుకుంటూనే చందా కడతారు. మన జట్టు డిపార్టుమెంటుది. కొలువులున్నన్నాళ్ళు, అక్కరపట్టే అధికారి ఉన్నన్నాళ్ళు, మరీ ముఖ్యంగా ఒక్క రహీం సాబ్ ఉన్నన్నాళ్ళు నడిచింది. చెట్లెక్కి చూసిన జనానికి అందులో చప్పట్లు తప్ప యే పాలూ లేదు. మా తాత పేరు యే రిజిస్టరులోనూ లేదు.

మొన్న మొన్నటి సంగతీ అంతే అయింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అని కొత్త క్లబ్బు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మా కాలేజీ పిల్లలు పచ్చచొక్కాలు వేసుకుని తిరిగారు. దక్కన్ లీజియన్ అని అభిమానుల సంఘం డప్పులతో గచ్చిబౌలి వెళ్ళేది. తరువాత క్లబ్బు చేతులు మారింది, 2025లో పేరు మారి, ఢిల్లీకి తరలిపోయింది. డప్పులు మాత్రం ఇక్కడ మిగిలాయి. యజమాని తన వస్తువు తాను తీసుకుపోయాడు, అడగడానికి మనమెవరం?

ఇదంతా డబ్లిన్ కుర్రవాడికి చెప్పాను. మరి మీ క్లబ్బు మైదానం సంగతేమిటని అడిగితే, అప్పులుండి దాన్ని 2015లో నగరపాలక సంస్థకి అమ్మేశారనీ, అయినా ఆట అక్కడే ఆడుతున్నారనీ, క్లబ్బు మాత్రం సభ్యులదేననీ చెప్పాడు. నాన్న ఫోను లాక్కున్నారు.

‘‘బిడ్డా, మీ క్లబ్బుల మంచి పిలగాడు తయారైతే ఎవడన్న ఎత్తుకపోతడా?’’

‘‘ప్రతి యేడూ తాతా, ఇంగ్లండువాళ్ళు. మాట్ డోహర్టీ అని ఒకణ్ణి 2010లో తీసుకుపోయారు. వాడు ఐర్లండు జట్టుకి కూడా ఆడాడు.’’

‘‘మరి మీకు కోపం రాదా?’’

‘‘వస్తుంది తాతా. ఆయన టీవీలో కనపడితే మా వాడని చెప్పుకుంటారు కూడా.’’

నాన్న ‘‘ఊఁ’’ అని ఫోను నాకిచ్చేసి గదిలోకి వెళ్ళారు. కాసేపయ్యాక చూస్తే ఒక కాగితం మీద, సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆనాటి హైదరాబాదు జట్టు పదకొండుమందినీ రాస్తున్నారు. మొట్టమొదటి పేరు బలరాం. తొమ్మిది పేర్లు వచ్చాయి, రెండు రాలేదు. పది రోజులైంది. ఆ కాగితం ఆయన మంచం పక్కన నీళ్ళచెంబు కిందే ఉంది. నేను పుస్తకంలో చూసి చెబుతానంటే వద్దంటున్నారు, చూసినవాడే చెప్పాలట. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో తాతలెవరైనా ఆ ఆటలు చూసి ఉంటే, వారి పిల్లలు దయచేసి ఓ మాటు అడిగి, ఒక కార్డుముక్క రాయగలరు.