గరిమనాభి – మొగ్గు

వస్తువు భారమంతయు ఏ బిందువునందు పనిచేయుచున్నట్లు భావింపవచ్చునో దానిని మన పాఠ్యగ్రంథములు గరిమనాభి యనియు గురుత్వకేంద్ర మనియు పేర్కొనుచున్నవి. ఈ రెండవ పేరు వ్యవహారమున దారి తప్పినది. 'మిర్చి వ్యాపారమునకు గుంటూరు గురుత్వకేంద్రము' అన్నచో సరకు మిక్కిలిగా చేరు చోటని తాత్పర్యము. శాస్త్రార్థ మది కాదు. చేతిగాజు గరిమనాభి గాజునందుండదు. నడుమనున్న శూన్యమున నుండును. అచ్చట పదార్థము రవ్వంతయు లేదు. 'కేంద్ర' శబ్దము జిల్లా కేంద్రము వంటివానిని స్ఫురింపజేయుటయే ఈ భ్రాంతికి హేతువని నా తలంపు.

'నాభి' యందు ఈ చిక్కు తక్కువ. సంస్కృతమున దానికి బొడ్డనియే గాక, చక్రమున ఇరుసు దూరు భాగమనియు నర్థము గలదు. అదియు నడుమ బోలుగా నుండునదే! (గరిమ అష్టసిద్ధులలో నొకటి, బరువెక్కగల శక్తి.)

గుంటూరు, ప్రకాశం మండలముల నల్లరేగడి దారులలో నేడు ట్రాక్టర్లు ఎడ్లబండ్ల స్థానము నాక్రమించినను, ఈ భావమునకు బండిని మించిన నిదర్శనము లేదు. బండియు సరకును కలిసి వేయి కిలోలనుకొందము. ఇరుసునుండి కాడికి 300 సెంటీమీటర్లు. గరిమనాభి ఇరుసునకు ముందు 6 సెంటీమీటర్ల దూరమున నున్నచో కాడిపై బడు బరువు 20 కిలోలు. ఒకటి రెండు మిర్చి టిక్కీలను వెనుకకు జరిపి నాభిని అంతే దూరము ఇరుసు వెనుకకు బోనిచ్చిరా, కాడి 20 కిలోల బలముతో పైకి లేచి, మెడత్రాళ్లు ఎడ్ల గొంతుల నొక్కును. ఇరుసు మీదనున్న బరువుకంటె ఈ పన్నెండు సెంటీమీటర్లే ఎడ్లకు ముఖ్యము.

పత్తి విషయము వేరు. తేలిక యగుటచే ఎత్తుగా పేర్చుదురు. నాభియు పైకి బోవును. చదునునేలపై సరిగా నడచు బండి చెరువుకట్ట నెక్కునపుడు, ఎత్తుననున్న నాభి ఇరుసు వెనుకకు వ్రాలును. అపుడు తోలువాడు నొగలమీదికి జరుగుట కిదియే కారణము. కట్ట దిగునపుడు ఇది తలక్రిందులై, భారము ఎడ్లమెడలపై బడును.

ఇట్టి స్థితులకు వాడుకలో నున్న మాట 'మొగ్గు'. త్రాసు మొగ్గును, బండి మొగ్గును. మనస్సు సైతము ఒక పక్షమునకు మొగ్గును. ఇందు ఆధారమునకు ఏ వైపున బరువున్నదను భావము చెడకుండ నిలిచినది. ఐతే మొగ్గు దిశను చెప్పును గాని స్థానమును చెప్పదు. కావున పరిభాషగా గరిమనాభియే యుండవలెను. దానిని బోధించునపుడు మాత్రము మొగ్గుతో మొదలిడుట మేలు.