వెబ్ సర్వర్: ఉచితమా, కొన్నదా? మన సంఘాలకు ఏది తేలిక?

సంఘానికి వెబ్‌సైటు పెట్టుకుందాం అనగానే కమిటీలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఉచితంగా దొరికేది ఎక్కించడం మనవల్ల కాదు" అని ఒకరు, "డబ్బు పెట్టి కొంటే తలనొప్పి ఉండదు" అని మరొకరు అంటారు. రెండూ పూర్తిగా నిజం కాదు. మనవి చందాల మీద నడిచే సంఘాలు కాబట్టి తీర్మానం రాసేముందు విషయం తెలుసుకోవడం మంచిది.

వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేరు ఆఫీసు కౌంటరులో కూర్చున్న గుమాస్తా లాంటిది. హోసూరు నుంచో బరంపురం నుంచో ఎవరైనా మన పేజీ అడిగితే, బీరువాలోంచి తీసి చేతికిస్తుంది.

ఉచిత రకంలో పేరున్నవి అపాచీ, ఇంజిన్‌ఎక్స్. అపాచీ 1995లో, ఇంజిన్‌ఎక్స్ 2004లో వచ్చాయి. ఉబుంటు ఉన్న కంప్యూటరులో ఇంగ్లిషు అక్షరాలతో "సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ అపాచీ2" అని ఒక్క వరుస టైపు చేస్తే చాలు, కొద్ది నిమిషాల్లో సర్వర్ సిద్ధం. చిక్కల్లా ఆ నల్ల తెరతోనే. నొక్కడానికి బొమ్మలు ఉండవు, అక్షరం తప్పితే పని జరగదు. అలవాటు లేనివారు అక్కడే జంకుతారు.

రెండో రకానికి ఉదాహరణ మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్. దీనికి విడిగా ధర లేదు, విండోస్ సర్వర్‌లోనే ఉంటుంది. లైసెన్సు కొనాల్సింది ఆ విండోస్ సర్వర్‌కు. దాన్ని ప్రాసెసర్ కోర్ల లెక్కన అమ్ముతారు. ఒక్కో యంత్రానికి కనీసం 16 కోర్లకు తీసుకోవాలి. ఎక్కించడం మాత్రం మౌసుతో టిక్కులు పెట్టుకుంటూ పోవడమే.

అంటే ఎక్కించడంలో పెద్ద తేడా లేదు. ఒకచోట టైపు చేస్తాం, ఇంకోచోట నొక్కుతాం. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది.

సైటు అడ్రసు పక్కన తాళం గుర్తు రావాలంటే సర్టిఫికెట్ కావాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, కానీ గడువు కొన్ని వారాలే. అపాచీకైతే సర్ట్‌బాట్ అనే ఉచిత పనిముట్టు దాన్ని తనంతట తానే రెన్యువల్ చేస్తుంది. భద్రతా అప్‌డేట్లకూ గడువు ఉంటుంది. విండోస్ సర్వర్ 2012కు మామూలు మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. ఉబుంటు ఎల్‌టీఎస్ రకాలకు మామూలుగా 5 ఏళ్లు. కొన్నదైనా, ఉచితమైనా చూసుకునే మనిషి లేకపోతే సైటు పాడుబడుతుంది.

సంఘాల సైట్లకు ఎక్కువ ముప్పు ఇక్కడే. పెట్టిన కుర్రాడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తాడు. పాస్‌వర్డు అతని ఫోనులో, డొమైను అతని పేరు మీద ఉండిపోతాయి. పాత సావనీర్లు, ఫొటోలు, సభ్యుల జాబితా అన్నీ ఒక్కసారిగా అందకుండా పోతాయి.

కాబట్టి డొమైనును సంఘం పేరునే నమోదు చేయించండి. పాస్‌వర్డులు సీలు కవరులో అధ్యక్షుడి దగ్గర ఒకటి, కోశాధికారి దగ్గర ఒకటి ఉంచండి. నెలకోసారి సైటు మొత్తం నకలు తీయించండి. కనీసం ఇద్దరికి పని నేర్పించండి.

ఇంతకీ ఏది తీసుకోవాలి? నేర్చుకునే పిల్లలు ఇద్దరుంటే ఉబుంటు, అపాచీ చాలు. లైసెన్సు ఉన్న విండోస్ సర్వర్, అది తెలిసిన మనిషి ముందే ఉంటే ఐఐఎస్ మంచిది. ఈ రెండూ లేకపోతే షేర్డ్ హోస్టింగ్ తీసుకోండి. అందులో సర్వర్ ముందే ఎక్కించి ఉంటుంది, మన ఫైళ్లు పెట్టుకుంటే సరిపోతుంది.