ముట్లుడుగు దశలో నీరసము – పంచాయతీల బాధ్యత

నలుబదియైదేండ్లు దాటిన స్త్రీ ఒళ్లు లేవదనియు, రాత్రి నిద్ర పట్టదనియు చెప్పినప్పుడు ఇంటివారు దానిని బద్ధకమని త్రోసివేయుట పరిపాటియైనది. కనిగిరి ప్రాంతమున పత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును పోవు స్త్రీకి ఆ నీరసము వలన కూలియే పోవును. కావున దీని కారణములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

సాధారణముగా 45–55 సంవత్సరముల నడుమ అండాశయముల పని ఉడిగిపోవును. వరుసగా 12 నెలలు ముట్టు రానిచో ముట్లుడిగినట్లు. ఇది రోగము కాదు. కాని అంతకు ముందు కొన్ని సంవత్సరములు ఒంటికి ఆవిరులు, రాత్రి చెమటలు పట్టి నిద్ర చెడును. కొందరికి రక్తస్రావము హెచ్చి రక్తము తగ్గును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15–49 సంవత్సరముల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. థైరాయిడు లోపము, మధుమేహము కూడ అలసటను కలిగించును. కావున రక్తపరీక్ష చేయింపక నెపమును వయస్సుపై వేయరాదు.

అధిక రక్తస్రావమునకు గర్భసంచి తీయించుటయే మార్గమని తొందరపడరాదు. 2015–16 సర్వేలో ఈ ఆపరేషను చేయించుకొన్న స్త్రీల నిష్పత్తి దేశమంతటిలో మన రాష్ట్రమునందే హెచ్చుగా, నూటికి సుమారు 9గా తేలినది. అండాశయములను కూడ తీసివేసినచో ఆవిరులు, రాత్రి చెమటలు వంటి బాధలు ఒక్కసారిగా వచ్చును. మందులతో నయమగునేమో మొదట విచారించి, రెండవ వైద్యుని అభిప్రాయము కూడ తీసికొనవలెను. ముట్లుడిగిన ఏడాది తరువాత మరల రక్తము కనిపించినచో మాత్రము జాగుచేయక ఆసుపత్రికి పోవలెను.

ఆహారమున రాగులు, సజ్జలు, నువ్వులు, శనగలు, మునగాకు, తోటకూర చేర్చుట మేలు. నిమ్మ, ఉసిరి వంటి పులుపు వీనిలోని ఇనుమును ఒంటికి పట్టించును. భోజనము కాగానే టీ త్రాగినచో ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు. సాయంకాలము తరువాత టీ, కాఫీ మానినచో నిద్రయు మెరుగగును.

ఈ ప్రాంతమున పెక్కు గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు అధికము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగుటకు తగదు. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. ముట్లుడిగిన పిమ్మట ఎముకల బలము సహజముగనే తగ్గును. దానికి ఈ నీటివలని కీళ్లనొప్పులు తోడైనచో స్త్రీకి పగలు పనియు, రాత్రి నిద్రయు కష్టమగును.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఆరోగ్యము, త్రాగునీరు, స్త్రీ సంక్షేమము అను విషయములను పంచాయతీలకు అప్పగింపదగిన వానిలో చేర్చినది. కావున సభ్యులు త్రాగునీటిని పరీక్ష చేయింపవలెను. ఆశా కార్యకర్తతోను, ఆరోగ్య ఉపకేంద్రపు సిబ్బందితోను మాట్లాడి, నడివయసు స్త్రీలకు రక్తపరీక్ష జరుగునట్లు చూడవలెను. అవసరమైనవారికి ఇనుము మాత్రలు అందింపవలెను. కూలిపని జరుగుచోట నీడ, మంచినీరు, మరుగుదొడ్డి ఉండునట్లు చేయవలెను. మహిళా సభ్యులు ఈ సంగతులను స్వయంసహాయక సంఘములలో సంకోచము లేక చర్చింపవలెను. పురుష సభ్యులు తమ యిండ్లలోనే మొదలిడి, నీళ్లబిందెలను, కట్టెలమోపులను తామును మోయవలెను. తల్లి, అత్త, వదినె చెప్పు అలసటను చెవినిడి వినుటయే ఈ చికిత్సకు తొలి మెట్టు.