ఊళ్లు తిరిగే నర్సమ్మ మనసు

ఖమ్మం పట్టణం అంచున ఒకప్పుడు వేరే పంచాయతీగా వుండిన ఖానాపురం హవేలి యిప్పుడు నగరంలో కలిసిపోయింది. యిటువంటి పేటల్లో సోమవారంనాడు కోడి కూయకముందే దీపం వెలిగే యిళ్లు కొన్ని వుంటాయి. అవి ఏజెన్సీలో వుద్యోగం చేసే నర్సమ్మల యిళ్లు. సంచీ సర్దుకోవాలి, నిద్రపోతున్న పిల్లల మీద దుప్పటి సవరించాలి, అత్తగారికి నాలుగు పనులు అప్పగించి కొత్తగూడెం బస్సు అందుకోవాలి. కొత్తగూడెం దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరేసరికి తోటి ప్రయాణీకులకు ప్రయాణం పూర్తవుతుంది. వాళ్లు రామదర్శనానికి వెళ్తారు. నర్సమ్మ అసలు ప్రయాణం అక్కడ మొదలవుతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవిలోకి పోయే దారుల్లో, ఆటో పోయినంత దూరం ఆటోలో, ఆ తర్వాత కాలినడకన.

ఆరోగ్య శాఖవారి లెక్క ప్రకారం మైదానాల్లో 5,000 మందికి ఒక ఉపకేంద్రం. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. కాగితం మీద చూస్తే అడవిలో పని తేలికేననిపిస్తుంది. కాని ఆ మూడువేల మందీ ఒకచోట కూచుని వుండరు గదా! ఒక గూడెంలో నలభై గడపలు, మరో గూడెంలో పదిహేను, మధ్యలో వాగు. అందులో కొన్ని 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌నుంచి తరలివచ్చిన గొత్తికోయల గుంపులు. వారి మాట వేరు. ఖమ్మంలో శిక్షణ పొందిన అమ్మాయికి తెలుగు వచ్చు, కొంచెం యింగ్లీషు వచ్చు. జ్వరం ఎన్నాళ్లనుంచి వుందని కోయలో అడగడం ఎవరూ నేర్పలేదు. చేతులు తిప్పి, ముఖం చూసి, పక్కనున్న కుర్రవాణ్ణి దుబాసీగా పెట్టుకుని తెలుసుకోవాలి.

గర్భిణుల పేర్లు రాసుకోవడం, టీకాలు వేయడం, మలేరియాకు నెత్తురు చూడడం, క్షయరోగి మాత్రలు మింగుతున్నాడో, చూరులో దాస్తున్నాడో కనిపెట్టడం, యివన్నీ పగటి పని. రాత్రికి రిజిస్టర్లు. వాటికి తోడు యీనాడు ఫోనులోనూ నింపాలి. నడకవల్ల కాళ్లు నొప్పి పుడితే వేణ్ణీళ్ల కాపడంతో పోతుంది. యీ వుద్యోగంలో అలసిపోయేవి కాళ్లు మాత్రమే అయితే యీ వ్యాసం అక్కర్లేదు.

వానాకాలం ఒక సంగతి తలచుకోండి. నెలలు నిండిన మనిషికి నొప్పులు మొదలయ్యాయి. వాగు పొంగింది. మంచానికి తాళ్లు కట్టి డోలీలా మోసుకుని, నీళ్లలోంచి అవతలి గట్టుకు చేర్చి, అంబులెన్సు కోసం ఎదురుచూడాలి. చాలాసార్లు తల్లీ పిల్లా క్షేమంగా తిరిగివస్తారు. పత్రికలో ఫోటో కూడా పడుతుంది. ఒక్కొక్కసారి అలా జరగదు. ఆ సాయంత్రం నర్సమ్మ గూడేనికి తిరిగివెళ్తే ఎవరూ తిట్టరు. మంచినీళ్లు కూడా యిస్తారు. కాని కళ్లలోకి చూడరు. తర్వాత పైవారు విచారణకు వస్తారు. రావలసిందే; ప్రతి మాతృమరణానికి కారణం వెతకడం మంచి పద్ధతి. రక్తం ఎంత వుండేది, ఎన్నిసార్లు పరీక్ష చేశారు, ఎన్ని గంటలకు తరలించారు? ఆ పట్టికలో గడులు చాలా వుంటాయి. ఆ రాత్రి నర్సమ్మ అన్నం తిన్నదా, నిద్రపోయిందా అన్న ప్రశ్నకు గడి వుండదు.

చెప్పుకునే మనిషి లేకపోవడమే అసలు బరువు. ఉపకేంద్రంలో ఆమె ఒక్కతే. గూడెంవారికి చెప్పుకోలేదు, వారి దుఃఖం యింకా పెద్దది. పై అధికారికి చెబితే చేతకానిదానిగా రాసుకుంటారేమోనని భయం. యింట్లో చెబితే, "వుద్యోగం మానెయ్" అంటారు. మగ ఆరోగ్య కార్యకర్తల సంగతి చెప్పనే అక్కర్లేదు. నోరు విప్పితే మగతనానికి లోటనుకుంటారు కాబోలు! యిక ఆశా కార్యకర్త ఆ వూరి మనిషే గనుక, ఆమెకు శనివారపు బస్సు కూడా లేదు. చనిపోయిన తల్లి ఆమెకు చిన్నమ్మో, వదినో అయివుంటుంది. మన దేశంలో పదిలక్షలకు పైబడిన యీ ఆశా కార్యకర్తలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో సత్కరించింది. సంతోషమే. సన్మానం వేరు, సాయం వేరు.

యిటువంటి అలసటకు పేరు పెట్టింది ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. న్యూయార్కులో పేదలకు ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిలో, పగలు తన పని ముగించుకుని రాత్రిళ్లు పనిచేసేవాడు. ఎంతో ఉత్సాహంతో చేరిన తోటివాళ్లు కొన్నాళ్లకు కాలి బూడిదైనట్టు తయారవడం చూసి 1974లో దాన్ని గురించి రాశాడు. తర్వాత మాస్లాక్ అనే ఆవిడ దాని లక్షణాలను మూడుగా తేల్చింది. ఒకటి, ఎంత పడుకున్నా తీరని అలసట. రెండోది, రోగి మనిషిగా కాక ఒక నెంబరుగా కనిపించడం. మూడోది, "నేను చేసేదానివల్ల ఎవరికేం ఒరిగింది?" అనే నిస్పృహ.

యీ మూడింటిలో భయపడవలసింది రెండోదానికని నా అభిప్రాయం. అలసిన నర్సమ్మ రాజీనామా యివ్వదు. వుద్యోగంలోనే వుంటుంది, సూది వేస్తుంది, రిజిస్టరు నింపుతుంది. కాని గొంతు మారుతుంది. "మొన్ననే చెప్పాను గదా, ఎందుకు రాలేదు?" అని కసురుతుంది. కోయ యిల్లాలు ఎదురు చెప్పదు. మరునాటినుంచి రావడం మానేస్తుంది. నాలుగేళ్లు నడిచి సంపాదించిన నమ్మకం నాలుగు మాటలతో పోతుంది. తర్వాతి కాన్పు ఎవరికీ తెలియకుండా గుడిసెలోనే జరిగిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని గురించి ఒక తెలివైన మాట చెప్పింది. యిది జబ్బు కాదట. పనిచేసేచోట ఒత్తిడి ఏళ్లతరబడి తగ్గకపోవడంవల్ల వచ్చే స్థితి అట. అంటే చికిత్స నర్సమ్మ ఒక్కతెకే కాదు, ఆమె పనికి కూడా చెయ్యాలన్నమాట. "ధ్యానం చేసుకోమ్మా, నవ్వుతూ వుండు" అని సలహా యిచ్చి చేతులు దులుపుకునేవారు యీ సంగతి గమనించాలి.

లండన్‌లో బాలింట్ అనే డాక్టరు 1950ల్లో ఒక పద్ధతి పెట్టాడు. వైద్యులు కొందరు వారానికోసారి గుండ్రంగా కూచుంటారు. ఒకరు తమను వేధిస్తున్న రోగి కథ చెబుతారు. మందుల సంగతి కాదు, ఆ రోగిని చూస్తే తనకేమనిపిస్తున్నదో చెబుతారు. మిగతావారు వింటారు. తీర్పు చెప్పరు. ఎన్నో దేశాల్లో యీ బృందాలు యీనాటికీ నడుస్తున్నాయి. దీనికి యంత్రాలక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మలంతా ఎలాగూ సమావేశానికి వస్తారు. లెక్కలు ఒప్పజెప్పిన తర్వాత ఒక అరగంట, టీ గ్లాసులతో, డాక్టరుగారు ముందు తన కథ తానే చెప్పుకుంటే చాలు. పెద్దవారు మొదలుపెడితేగాని చిన్నవారికి ధైర్యం రాదు. అయితే ఒక జాగ్రత్త వుంది. చావు జరిగిన మరునాడే పట్టుకుని "అంతా చెప్పు, చెప్పేయ్" అని బలవంతం చేయడంవల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా జరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ముందు స్నానం, అన్నం, నిద్ర, పక్కన ఒక మనిషి. మాట దానంతటదే వస్తుంది.

యిది అత్తగార్లకూ, భర్తలకూ కూడా వర్తిస్తుంది సుమండీ! శనివారం సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, గ్యాసు అయిపోయిన సంగతీ, పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గిన సంగతీ ఒక్కగుక్కలో చెప్పకండి. వేణ్ణీళ్లు తోడి, "ముందు తిను బిడ్డా, తర్వాత మాట్లాడుకుందాం" అనండి. అయిదు రోజులు నాయనమ్మ దగ్గరే పడుకున్న చంటివాడు తల్లి దగ్గరకు రానని మారాం చేస్తే నవ్వి వూరుకోకండి. ఆ ఒక్కటీ ఆమెకు వారమంతా గుచ్చుతుంది. వాణ్ణి ఎత్తుకొచ్చి ఆమె వొళ్లో కూచోబెట్టండి. ఆమె వుద్యోగం మాన్పించాలా వద్దా అనే చర్చ ఆదివారంనాడు ఎత్తకండి.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిస్తారు. అటువంటి వారంలో నర్సమ్మకు సెలవు వుండదు, నిద్రా వుండదు. కష్టకాలంలో కంటనీరు రావడం, మనసు బరువెక్కడం సహజం. నీరు తీసి, పని తగ్గి, యింటికి వచ్చాక కూడా రెండు వారాలకుపైగా ఆకలి లేకపోయినా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి గుండె దడదడలాడినా, వాగు చూస్తే అందులోకి దిగిపోదామనిపించినా, దాన్ని అలసట అనుకోకూడదు. అప్పుడు వైద్యుడు కావాలి. జ్వరానికి మాత్ర వేసుకున్నట్టే దీనికీ వైద్యం వుంది, నయమవుతుంది. చివరి సంగతి, అంటే చావాలనే తలపు వస్తే, రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగరాదు.

2022 అక్టోబరునుంచి ప్రభుత్వంవారు టెలీమానస్ అని ఒక ఫోను సేవ నడుపుతున్నారు. నెంబరు 14416. డబ్బు తీసుకోరు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అడవిలో సిగ్నలు దొరకదు గదా అంటారేమో. గూడెం బయట ఏ గుట్ట ఎక్కితే, ఏ చింతచెట్టు కింద నిలబడితే ఫోను పలుకుతుందో అక్కడ తిరిగే నర్సమ్మలందరికీ తెలుసు. అంబులెన్సుకు కబురు చేసేది అక్కడినుంచే.