చౌడు నేలల్లో పత్తి: లవణ సహన యంత్రాంగం, పెంపొందించే మార్గాలు

ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలలో నేడు పత్తి చేలు కనిపించవు. పారిశ్రామిక వాడలు, కాలనీలు సాగు భూములను ఆక్రమించాయి. అయితే ఈ ప్రాంతపు పల్లపు నీరు చివరకు మూసీ నదినే చేరుతుంది. నగరపు మురుగునీటితో కలిసి అది పీర్జాదిగూడ మీదుగా భువనగిరి, నల్లగొండ ప్రాంతాల ఆయకట్టుకు పారుతుంది. నగరానికి దగ్గరలో నదీతీర రైతులు పారాగడ్డిని, దిగువన వరిని పండిస్తున్నారు. ఆయకట్టుకు ఆవల నల్లగొండ జిల్లా రాష్ట్రంలోని ప్రధాన పత్తి ప్రాంతాలలో ఒకటి. లవణాలతో కూడిన నీటిని పత్తికి రక్షక తడిగా పెట్టవచ్చునా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తకు ఇక్కడ సహజంగానే ఎదురవుతుంది.

"పత్తి చౌడును తట్టుకునే పంట" అన్నది సాధారణంగా లభించే సమాధానం. ఇది నిజమే కాని, సగం నిజం.

నీటితో చేరే ఉప్పు ఎంత?

నీటి విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసీసైమన్ ఉన్నప్పుడు లీటరు నీటిలో సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. ఉదాహరణకు, వాహకత 1.5 ఉన్న నీటిని ఎకరాకు 5 సెంటీమీటర్ల లోతున పెడితే సుమారు 2 లక్షల లీటర్ల నీటితో పాటు 190 కిలోల లవణాలు పొలంలోకి చేరుతాయి. అటువంటి ఐదు తడులకు ఇది టన్నుకు దగ్గరవుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు నేలలోనే మిగులుతుంది. చల్కా నేలలలో వానాకాలపు వర్షం ఈ ఉప్పును చాలావరకు కిందికి కడిగివేస్తుంది. బంకమన్ను అధికంగా ఉన్న రేగడి నేలలలో నీరు నెమ్మదిగా ఇంకడం వలన లవణాలు వేరు మండలంలోనే నిలుస్తాయి.

సహన పరిమితిని ఎలా చదవాలి?

1977లో మాస్, హాఫ్‌మన్ ప్రచురించిన పట్టిక ప్రకారం పత్తి సహన పరిమితి మీటరుకు 7.7 డెసీసైమన్లు. ఆపై ప్రతి ఒక్క యూనిట్‌కు దిగుబడి 5.2 శాతం తగ్గుతుంది. వరికి పరిమితి 3.0, తగ్గుదల 12 శాతం. అంటే వాహకత 10 ఉన్న నేలలో పత్తి సుమారు 88 శాతం దిగుబడి ఇవ్వగలదు. వరిలో అది 16 శాతానికి పడిపోతుంది.

ఈ అంకెలను వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, 7.7 అన్నది సంతృప్త మట్టి సారంలో కొలిచిన విలువ. మన భూసార పరీక్షా కేంద్రాలు సాధారణంగా ఒక భాగం మట్టికి రెండు లేక రెండున్నర భాగాల నీరు కలిపి కొలుస్తాయి. నీరు ఎక్కువైనందున ఆ విలువ చాలా తక్కువగా వస్తుంది. పరీక్షా పత్రంలో 2 అని ఉంటే, సంతృప్త సారంలో అది అనేక రెట్లు ఉండవచ్చు. నేల స్వభావాన్ని బట్టి ఈ నిష్పత్తి మారుతుంది. అందువలన పత్రంలోని అంకెను 7.7తో నేరుగా పోల్చి రైతుకు భరోసా ఇవ్వరాదు.

రెండవది, ఆ పరిమితి నిలదొక్కుకున్న పైరుకు వర్తిస్తుంది. మొలక, లేత మొక్క దశలలో పత్తి సున్నితమైనది. తేమ ఆరి ఉప్పు పేరుకొనే పై పొరలోనే విత్తనం పడుతుంది. ఖరీదైన సంకర విత్తనం వాడే రైతుకు అసలు నష్టం ఇక్కడే, ఖాళీల రూపంలో ఎదురవుతుంది.

మొక్క లోపల జరిగేది

లవణాల ప్రభావం రెండు అంచెలలో ఉంటుంది. మొదట మట్టి ద్రావణపు ద్రవాభిసరణ పీడనం పెరగడం వలన, నేలలో తేమ ఉన్నప్పటికీ వేరు దానిని తీసుకోలేదు. పత్రరంధ్రాలు మూసుకొని ఆకుల ఎదుగుదల మందగిస్తుంది. తరువాత కొన్ని దినాలకు సోడియం, క్లోరైడ్ అయాన్లు ముదురు ఆకులలో పేరుకొని ఎంజైముల పనిని దెబ్బతీస్తాయి.

దీనికి పత్తి మొక్క మూడు విధాలుగా ఎదురు నిలుస్తుంది. వేరు కణాలు కొంత సోడియాన్ని తిరిగి బయటికి నెట్టి, దారువు గుండా పైకి పోకుండా అడ్డుకుంటాయి. ఆకులను చేరిన సోడియాన్ని రిక్తికలలో బంధించి, కణద్రవ్యంలో పొటాషియం పాలును కాపాడుకుంటాయి. గ్లైసిన్ బీటైన్, ప్రోలిన్ వంటి పదార్థాలు కణద్రవ్యంలో చేరి ద్రవాభిసరణ సమతుల్యాన్ని నిలుపుతాయి. కాబట్టి ఆకులో సోడియం ఎక్కువగా ఉన్న రకమంతా సున్నితమైనదని పత్తిలో తీర్మానించలేము. అది ఎక్కడ దాగి ఉన్నదన్నదే ముఖ్యం.

జన్యుపరమైన మెరుగుదల

సోడియాన్ని రిక్తికలోకి పంపే అరబిడాప్సిస్ జన్యువు ఎన్‌హెచ్‌ఎక్స్1ను పత్తిలో ప్రవేశపెట్టిన ఫలితాలు 2005లోనూ, ఆ పనికి శక్తినిచ్చే ప్రోటాన్ పంపు జన్యువు ఏవీపీ1 ఫలితాలు 2011లోనూ అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తల నుండి వెలువడ్డాయి. రెండింటిలోనూ లవణ సహనం, క్షేత్రస్థాయిలో దూది దిగుబడి పెరిగాయి. అయితే మన దేశంలో సాగుకు అనుమతి పొందిన జన్యుమార్పిడి పత్తి కీటక నిరోధక బీటీ పత్తి మాత్రమే. మనకు అందుబాటులో ఉన్న జన్యు సంపద దేశవాళీ పత్తిలో ఉంది. గుజరాత్‌లోని లవణ రేగడులలో గాసిపియం హెర్బేషియం రకాలు సాగులో నిలవడం ఇందుకు నిదర్శనం.

క్షేత్రస్థాయి యాజమాన్యం

• ముందుగా చౌడు స్వభావాన్ని నిర్ధారించాలి. పాలచౌడుకు మంచినీటితో కడగడం, మురుగు కాలువలు మార్గం. ఉదజని సూచిక 8.5కు మించి, మార్పిడి సోడియం 15 శాతానికి పైబడిన కారుచౌడుకు జిప్సం అవసరం. పాలచౌడుకు జిప్సం వేయడం వృథా వ్యయం.
• నేల బాగా తడిసే వర్షం తరువాతనే విత్తాలి. ఆ వర్షమే పై పొరలోని ఉప్పును కడుగుతుంది. ఉప్పు నీటిని మొలక దశలో పెట్టరాదు.
• బోదెలు, కాలువల పద్ధతిలో ఉప్పు బోదె శిఖరాన పేరుకుంటుంది. కావున విత్తనాన్ని బోదె పక్క వాలున వేయాలి.
• విత్తనాన్ని నానబెట్టి శుద్ధి చేయడం ప్రయోగాలలో మేలు చేసినా, మందు పూతతో వచ్చే ప్యాకెట్ విత్తనానికి అది అనువుగా ఉండదు. బదులుగా కొన్ని మొక్కలను సంచులలో పెంచి ఖాళీలను పూరించాలి.
• పూత, కాయ దశలలో పొటాషియం నైట్రేట్ పిచికారీ పొటాషియం లోటును తగ్గిస్తుంది.
• జీలుగను పచ్చిరొట్టగా కలియదున్నితే నీరు ఇంకే గుణం మెరుగవుతుంది.

ముగింపు

జన్యువు సోడియాన్ని మొక్కలో ఒక చోటి నుండి మరొక చోటికి మార్చగలదు. నేల నుండి తొలగించలేదు. సహనశీల రకం రైతుకు కొంత వ్యవధిని ఇస్తుందే తప్ప, ఏటా చేరే ఉప్పు లెక్కను మార్చదు. కాబట్టి నీటి పరీక్ష, కొలత విధానంతో సహా చదివిన మట్టి పరీక్ష, తొలి నెల రోజుల మొక్కల సంఖ్య అనే మూడింటినీ కలిపి చూసిన తరువాతనే మూసీ దిగువ పొలాలకు పత్తిని సిఫారసు చేయడం సమంజసం.