రిసార్టు చెరువు కట్ట తెగితే బాధ్యత ఎవరిది?

మీరు బ్రాడీపేటలో ఉంటారనుకుందాం. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని ఊరి బయట ఏ రిసార్టుకో, ఫాంహౌస్‌కో వెళ్లారు. అక్కడ వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లు నిలిపారు. అందులో పడవలు తిప్పుతున్నారు, కట్ట మీద కుర్చీలు వేశారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కట్ట గట్టిగా ఉందో లేదో చూసేదెవరు? అది తెగి కింద పొలాలు, ఇళ్లు మునిగితే నష్టం ఎవరు కట్టాలి?

డ్యాం భద్రతా చట్టం వర్తించదా?

చాలా వరకు వర్తించదు. 2021 డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తున్న డ్యాంలకే నేరుగా వర్తిస్తుంది. ఎత్తు 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే అదనపు షరతుల్లో ఒక్కటైనా ఉండాలి. ఉదాహరణకు కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకూడదు, లేదా నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గకూడదు. ఈ లెక్కలోకి వచ్చే డ్యాం ప్రైవేటు కంపెనీదైనా సరే, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయించాలి. అత్యవసర ప్రణాళిక సిద్ధంగా ఉంచాలి.

పది మీటర్ల లోపు కట్టకు ఈ చట్టం కింద తనిఖీ లేదు. దాన్ని చూసుకునే బాధ్యత యజమానిదే.

చిన్నదే కదా, అంత భయం దేనికి?

ఒక చిన్న లెక్క చూడండి. వంద మీటర్ల పొడవు, యాభై మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న చెరువులో కోటి లీటర్ల నీళ్లుంటాయి. అంటే పది వేల టన్నుల బరువు. గండి పడితే అదంతా ఒక్కసారిగా పల్లానికి దూకుతుంది.

ఇంజినీర్లు, సిబ్బంది ఉన్న ప్రభుత్వ ప్రాజెక్టులకే నిర్వహణ లోపిస్తే తిప్పలు తప్పడం లేదు. ప్రకాశం జిల్లా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరో గేటు కొట్టుకుపోయాయి.

విహారం కోసం ఉంచుకున్న చెరువు ఎంత పని చేయగలదో అమెరికాలోని జాన్స్‌టౌన్ చూసింది. పిట్స్‌బర్గ్ ధనవంతుల క్లబ్బు ఒకటి పాత డ్యాంను కొని చేపల వేటకు, పడవ షికారుకు వాడుకుంది. నీళ్లు వదిలే పైపులను పాత యజమాని ఎప్పుడో పీకేశారు. క్లబ్బు వాటిని మళ్లీ పెట్టలేదు. బండ్లు వెళ్లేందుకు కట్ట ఎత్తు తగ్గించింది. చేపలు పోకుండా అలుగుకు అడ్డంగా జాలీలు పెట్టింది. 1889 మే 31న భారీ వానకు ఆ కట్ట తెగి 2,200 మందికి పైగా చనిపోయారు. కోర్టుకెక్కిన బాధితులకు క్లబ్బు నుంచి పరిహారం దక్కలేదు.

మన కోర్టులు ఏమంటాయి?

ప్రమాదకరమైన దాన్ని సొంత అవసరానికి తన స్థలంలో పోగుచేసుకుని, అది బయటపడి ఇతరులకు నష్టం చేస్తే తప్పు రుజువు కాకపోయినా యజమానే బాధ్యుడు. ఇంగ్లండులో ఒక మిల్లు చెరువు నీళ్లు పక్క బొగ్గు గనిలోకి చేరిన కేసులో 1868లో ఈ సూత్రం ఖాయమైంది. మన దేశంలోనూ ఇది చెల్లుతుంది. కరెంటు తీగ తగిలి ఒక వ్యక్తి చనిపోయిన కేసులో 2002లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే ప్రస్తావించింది.

అయితే రెండు పాత తీర్పులు యజమానులకు అనుకూలంగా ఉన్నాయి.

మొదటిది మన నేల మీదిదే. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు వంతెనలు దెబ్బతింటే మద్రాసు రైల్వే కంపెనీ కోర్టుకెళ్లింది. 1874లో ప్రీవీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పిచ్చింది. అవి జనం సాగుకు తరతరాలుగా ఉన్న చెరువులు, వాటిని కాపాడటం జమీందారు విధి, కాబట్టి నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత అంది. పడవ షికారు కోసం తవ్వించుకున్న చెరువుకు ఈ వాదన అతకదు.

రెండోది 1876 నాటి ఇంగ్లండు కేసు. ఒక ఎస్టేటులో అందం కోసం కట్టిన చెరువులు తెగి నాలుగు వంతెనలు పోయాయి. ఎవరూ ఊహించలేనంత వాన పడిందనీ, యజమాని నిర్లక్ష్యం లేదనీ కోర్టు వదిలేసింది.

అంటే కట్ట తెగాక యజమాని చెప్పుకునేవి రెండే మాటలు. ‘ఊహించని వాన’, ‘లోపం ఉందని నాకు తెలియదు’. తెగకముందే మీరు రాసిచ్చిన కాగితం ఉంటే ఆ రెండో మాట నిలబడటం కష్టం. ప్రాణం పోతే, నిర్లక్ష్యం రుజువైన పక్షంలో భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల వరకు జైలు కూడా పడొచ్చు.

ఏం గమనించాలి?

• కట్ట కింది వాలులో ఊట. తేటనీరైనా చెప్పాల్సిందే. బురదనీరు వస్తుంటే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం.
• కట్ట పొడవునా పగుళ్లు. నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఆ నెర్రెల్లోకే తొలివాన నీళ్లు దిగుతాయి.
• కట్ట మీద పెద్ద చెట్లు, పందికొక్కుల బొరియలు.
• అలుగుకు అడ్డంగా వలలు, ఇసుక బస్తాలు, గోడ. ఇది అన్నిటికన్నా ప్రమాదం. అలుగు మూసుకుపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట దాన్ని ఎంతోసేపు తట్టుకోదు.

ఎవరికి చెప్పాలి?

ముందు ఫొటోలు, తేదీతో యజమానికి రాతపూర్వకంగా తెలపండి. నకలు దగ్గరుంచుకోండి. తర్వాత కలెక్టర్‌కు లేదా ఆర్డీఓకు అర్జీ ఇవ్వండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు, రసీదు మరిచిపోవద్దు. కూలిపోయేలా ఉన్న కట్టడాన్ని బాగుచేయమనీ, దారి పక్క చెరువుకు కంచె వేయమనీ యజమానిని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152 కింద వారికి ఉంది. అర్జీలో ఆ సెక్షన్ పేర్కొనండి.

బురద ఊట పెరుగుతున్నా, నీళ్లు కట్ట మీదికి వస్తున్నా అర్జీ రాస్తూ కూర్చోవద్దు. పల్లంలో ఉన్నవారిని పక్కకు పంపి, 112కు ఫోన్ చేయండి. వీడియో తీయడానికి మాత్రం కట్ట ఎక్కకండి.