పరిశోధనా వ్యాసంలో నిజాయితీ: కొత్త విద్యార్థికి ఒక పరిచయం

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో పచ్చికాయకు ఒక ధర, కురిడీకి ఒక ధర. కురిడీలో మళ్ళీ గండేరా వేరు, గటగట వేరు. ఒక రకాన్ని ఇంకొక రకం పేరుతో అమ్మితే దానిని ఏమంటారో ఆ ఊళ్ళో పెరిగిన పిల్లవానికి ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే అదే పిల్లవాడు డిగ్రీ ముగించి, వేదాంత కళాశాలలోనో విశ్వవిద్యాలయంలోనో చేరి, వ్యాఖ్యాన గ్రంథంలోని రెండు పేజీలను తన మొదటి వ్యాసంగా అప్పగిస్తాడు. అధ్యాపకుడు పిలిచి అడిగినప్పుడు అందులో తప్పేమిటో తెలియక నిజంగానే తెల్లబోతాడు. దీనిని దొంగతనమని కొట్టివేయడం తేలిక. అది ఎక్కడనుండి వచ్చిందో చూడటం అవసరం.

మన పిల్లలు చిన్నప్పటినుండి పొందిన శిక్షణను గమనించండి. సండే స్కూల్లో కంఠత వాక్యాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పినవానికి బహుమతి. పదవ తరగతిలో గైడులో ఉన్నది ఉన్నట్లు రాసినవానికి మంచి మార్కులు. ఇంటర్మీడియట్‌లో లెక్చరర్ చెప్పిన నోట్సే జవాబు. పదిహేను సంవత్సరాలు మెప్పు పొందిన పని, పదహారవ సంవత్సరంలో హఠాత్తుగా నేరమవుతుంది. వాక్యాన్ని కంఠత పట్టడం మంచిదే. దానిని ఎవరూ తన సొంత మాటగా చెప్పుకోరు, యోహాను 3:16 అని అధ్యాయం, వచనం చెప్పిన తరువాతే అప్పగిస్తారు. పాదసూచిక చేసే పని కూడా అదే. ఈ సంగతి మొదటి వారంలోనే చెబితే సగం తగవులు ఉండవు.

విద్యావిషయక నిజాయితీ అంటే పరీక్షలో కాపీ కొట్టకపోవడం మాత్రమే కాదు. వేరొకరిచేత వ్యాసం రాయించుకోవడం, చేయని సర్వేను చేసినట్లు అంకెలు వేయడం, ఒకే వ్యాసాన్ని చెప్పకుండా రెండు తరగతులకు ఇవ్వడం ఇవన్నీ దీని పరిధిలోనివే. అన్నిటికంటే ఎక్కువ గందరగోళం కలిగించేది గ్రంథచౌర్యం. ఇతరుల మాటలను గాని, ఆలోచనను గాని వారి పేరు చెప్పకుండా తనవిగా చూపడమే గ్రంథచౌర్యం.

వేదాంత విద్యార్థులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, వేయవలసినదే. మత్తయి, లూకా సువార్తికులు మార్కు సువార్తను వాడుకున్నారని పండితులలో అధికులు అంగీకరిస్తారు కదా? యెషయా 2వ అధ్యాయంలోని ప్రవచనమే మీకా 4వ అధ్యాయంలోనూ ఉన్నది. యూదా పత్రికలోని చాలా భాగం 2 పేతురులో కనిపిస్తుంది. వారు చేసినది తప్పు కాకపోతే మేము చేసినది తప్పెలా అవుతుంది? ప్రాచీన కాలంలో సంప్రదాయం సమాజం అందరిదీ. దానిమీద ఎవరూ పట్టా అడగలేదు. సిద్ధాంత వ్యాసం మాత్రం "ఇది నా శ్రమ, దీనికి పట్టా ఇవ్వండి" అనే విజ్ఞాపన. అయినా లూకా తన సువార్త ప్రారంభంలోనే, తనకు ముందు అనేకులు ఇలాంటి చరిత్ర రాయ పూనుకున్నారని, కన్నులార చూచినవారు తమకు అప్పగించారని ఒప్పుకున్నాడు. యిర్మీయా 23:30లో, ఒకరి నోటి మాటలు ఒకరు దొంగిలించి దేవుని వాక్కుగా ప్రకటించే ప్రవక్తలకు దేవుడు విరోధినని చెప్పడం కూడా మరువరాదు. ఇతరుల ప్రసంగాన్ని సొంత అనుభవంలా చెప్పే అలవాటు గల ప్రసంగీకులకు ఆ వచనం ఇబ్బందికరమే.

మన తెలుగువారికి దగ్గరి చరిత్ర ఒకటున్నది. తిరుపతిలో లూథరన్ మిషన్ పాఠశాలలోను, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1927లో భారతీయ తత్వశాస్త్రం రెండవ సంపుటం ప్రచురించారు. అందులో తన పరిశోధనా వ్యాసంలోని భాగాలున్నాయని జదునాథ్ సిన్హా 1929లో మోడరన్ రివ్యూ పత్రికలో ఆరోపించారు. ఇద్దరూ ఒకే సంస్కృత మూలాలను వివరిస్తున్నప్పుడు పోలికలు తప్పవని రాధాకృష్ణన్ వాదం. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు వెళ్ళి, 1933లో రాజీతో ముగిసింది. న్యాయస్థానం తీర్పు చెప్పలేదు గనుక మనమూ చెప్పకూడదు. విద్యార్థి గ్రహించవలసినది ఒక్కటే: ఒకే మూలంనుండి ఇద్దరు రాసినప్పుడు, ఏ వాక్యం ఎక్కడనుండి వచ్చిందో చూపగల సొంత నోట్సే రచయితకు రక్షణ.

రెండవ ఉదాహరణ బాధ కలిగించేది. మార్టిన్ లూథర్ కింగ్ 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో టిల్లిక్, వీమన్‌ల దైవభావనపై డాక్టరేటు పొందాడు. అదే విశ్వవిద్యాలయంలో 1952లో జాక్ బూజర్ టిల్లిక్‌పై సమర్పించిన సిద్ధాంత వ్యాసంనుండి కొన్ని భాగాలు కింగ్ రచనలో ఉటంకింపు గుర్తులు లేకుండా చేరాయని, ఆయన పత్రాలను సంపాదకత్వం చేసిన పరిశోధకులే 1990లో బయటపెట్టారు. బూజర్ పేరును కింగ్ తన పీఠికలో ప్రస్తావించాడు. అది చాలలేదు. పీఠికలో ఒకసారి పేరు చెప్పి, లోపల పేజీలకు పేజీలు గుర్తు లేకుండా వాడుకోవడం సరిపోదని ఇక్కడ తెలుస్తుంది. 1991లో విశ్వవిద్యాలయ సంఘం డాక్టరేటును రద్దు చేయనక్కరలేదని చెప్పి, గ్రంథాలయ ప్రతికి ఒక లేఖ జతచేయించింది. ఆయన పోరాటం విలువ తగ్గలేదు, ఆ లేఖ మాత్రం ప్రతితోపాటే ఉండిపోయింది.

మన దేశంలో యూజీసీ 2018లో నిబంధనలు చేసింది. సిద్ధాంత వ్యాసంలో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుండి 40 శాతమైతే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 నుండి 60 అయితే ఒక సంవత్సరం పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీలులేదు. 60 దాటితే నమోదే రద్దవుతుంది. ఆధారం చూపిన ఉటంకింపులను, గ్రంథ పట్టికను ఈ లెక్కలో చేర్చరు.

అయితే శాతాలను నమ్ముకుని తెలుగులో రాసేవారు మోసపోతున్నారు. ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని తెలుగులోకి మార్చి పేరు చెప్పకుండా ఇస్తే, పోలిక చూసే యంత్రం చాలాసార్లు పట్టుకోలేదు. అది యంత్రం బలహీనత, విద్యార్థి నిర్దోషిత్వం కాదు. అనువాదం చేసినది మీరే, ఆలోచన వేరొకరిది, రెండూ చెప్పాలి. కృత్రిమ మేధ పరికరాల సంగతీ అంతే. అవి లేని పుస్తకాలను ఉన్నట్లు, పేజీ సంఖ్యలతో సహా చూపగలవు. చేతితో తెరిచి చూడని గ్రంథాన్ని పట్టికలో వేయవద్దు.

కోనసీమ సంఘాల చరిత్ర రాయబోయే విద్యార్థికి ఇంకొక మాట. అక్కడి ఆధారాలలో ఎక్కువ భాగం అచ్చులో ఉండదు. పెద్దవారి జ్ఞాపకంలో ఉంటుంది. తాటాకుల పందిట్లో మొదటి ఆరాధన ఎప్పుడు జరిగిందో చెప్పిన మామ్మగారు కూడా ఒక ఆధారమే. ఆమె అనుమతి అడిగి, ఆమె ఒప్పుకుంటే పేరు, ఊరు, మాట్లాడిన తేదీ పాదసూచికలో వేయాలి. పండితుని పేరు వేసి, ఆమె పేరు వదిలివేయడం మన వ్యాసాలలో మామూలైపోయింది.

ఇప్పటికే పొరపాటు చేసి వ్యాసం అప్పగించినవారు ఉంటే, తనిఖీ నివేదిక రాకముందే పర్యవేక్షకుని దగ్గరకు వెళ్ళి, ఏ పేజీ ఎక్కడినుండి తీసుకున్నారో పుస్తకంతో సహా చూపడం మంచిది. ఆ పేజీలు తిరిగి రాయడానికి పట్టేది రెండు మూడు వారాలు.